కట్టినోడే ముందెక్కాల

పదో రోజున కాకి ముట్టలేదు.

తోటకి తూర్పున ఇసకమీద అరిటాకు వేసి, ముద్ద పెట్టి, అందరం వెనక్కి జరిగాం. కాకులు లేక కాదు. కొబ్బరిమట్టల మీద ఆరేడు వాలి ఉన్నాయి. మెడలు తిప్పుతున్నాయి, కావుమంటున్నాయి, ఒక్కటీ కిందికి దిగదు. పోయినవాళ్లకి తీరని కోరిక ఏదైనా ఉంటే కాకి ముట్టదంటారు. అందుకని ఒక్కొక్కరే ఆకు దగ్గరికెళ్లి మాటలివ్వడం మొదలుపెట్టారు. మా ఆయన వెళ్లి, "అన్నా, నువ్వేసిన పనసచెట్లు ఒక్కటీ కొట్టించను," అన్నాడు. కాకి దిగలేదు. మా పెద్దబ్బాయి వెళ్లి, "పెదనాన్నా, ఈసారి పరీక్ష పాసవుతాను," అన్నాడు. ఆ మాట కాకి కూడా నమ్మినట్టు లేదు. ఊరి పెద్దాయన ఒకరు కర్రమీద గడ్డం ఆనించి, "మరేటుంటాది, ఇమానం మోజు తీరుండదు. ఇప్పుడు మనం ఇమానం ఎక్కడ తెత్తాం?" అన్నాడు.

నేను ఇత్తడి గిన్నే గరిటే పట్టుకొని ఆడవాళ్ల మధ్య నిలబడ్డాను. ఆ ముద్ద వండింది నేనే.

పోయినాయన నా భర్తకి అన్న, నాకు బావగారు. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ ఇరవై ఏళ్లలో ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. మా ఉద్దానంలో పెద్ద ఇళ్ల కోడళ్లు బావగారి ఎదట పడకూడదు, ఆయన చెవిన గొంతు పడకూడదు. తలుపు చాటు నుంచి వినడమే. తలుపు చాటు నుంచి చూసిన మనిషి గురించి రాస్తున్నాను కాబట్టి ఆయన ఎడమ భుజమే మీకు ఎక్కువ కనిపిస్తుంది. ఏమీ అనుకోకండి.

బారిష్టరు చదవమని మా మామగారు ఆయన్ని దొరల సీమకి పంపితే, అక్కడ పెద్ద యుద్ధం వచ్చింది. ఈయన పుస్తకాలు మూసేసి విమానాల పటాలంలో చేరతానన్నాడు. నల్లవాడివి నీకెందుకన్నారట. మోటార్లు తుడిచాడు, ఇంజన్లు విప్పాడు, గుమ్మం వదలకుండా కూర్చున్నాడు. ఆఖరికి వాళ్లకి ఎక్కించక తప్పలేదు. యుద్ధం అయ్యాక కూడా అక్కడే ఒక కార్ఖానాలో కొత్తగా తయారైన విమానాన్ని మొట్టమొదట ఎగరేసి చూసే ఉద్యోగం చేశాడు. కొత్త కుండ కొనేముందు వేలితో కొట్టి చూస్తామే, అలాంటి పని. కాకపోతే కుండ పగిలితే మనం పగలం. ఇంతకి మించి ఆయన చరిత్ర నాకు తెలీదు. ఆయన మా ఇంట్లో ఎలా మసిలాడో అదే తెలుసు.

"ముక్కు, రెక్క, తోక." ఆయన రోజూ చదివే మంత్రం ఇది. ఏ వస్తువునైనా వాడేముందు దాని చుట్టూ ఒకసారి తిరగాలి. బండెక్కాలంటే కాడి దగ్గర మొదలుపెట్టి, తాళ్లు లాగి చూసి, ఎడమ చక్రం ఊపి, ఇరుసుకి చీల ఉందో లేదో వేలితో తడిమి, వెనక్కెళ్లి, కుడి చక్రం ఊపి, మళ్లీ కాడి దగ్గర తేలేవాడు. అప్పుడు ఎక్కేవాడు. ఎక్కి, ఎద్దులకి వీపు పెట్టి వెనక్కి తిరిగి కూర్చునేవాడు. పలాస స్టేషనుదాకా అలాగే వెళ్లేవాడు.

"ముందుకి తిరిగి కూకోండి బావూ, జనం నవ్వుతన్నారు," అని మా బండితోలే మనిషి బతిమాలేవాడు.

"ముందునుంచి ఒచ్చినోడు ఎలాగూ కనపడతాడ్రా. సంపీవోళ్లందరూ ఎనకనుంచే ఒత్తారు."

"పలాస రోడ్డుమీద మనల్ని సంపీవోళ్లెవులు బావూ?"

"నాను ఎనక్కి సూత్తన్నాను కదా. అందుకే ఇన్నాళ్లూ ఎవులూ రానేదు."

ఆఖరికి అతనికీ అలవాటైపోయి, ఏదైనా బండి వెనకనుంచి దాటబోతుంటే, "బావూ, ఏటి కనపడతన్నాది?" అని అడిగి మరీ పక్కకి తీసేవాడు.

యుద్ధం గురించి ఆయన చెప్పినవన్నీ నవ్వొచ్చే కథలే. నవ్వు రానివి ఆయన దగ్గర ఉన్నాయో లేవో నాకు తెలీదు. ఆ రోజుల్లో తన విమానం ఆముదం తాగేదని చెప్పేవాడు. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆ ఆముదాన్ని తోలేవాడి మొహంమీద చిమ్మేదట.

"ఎంత మూసుకున్నా నోట్లోకెళ్లిపోయీది. శత్రువుకన్నా దానికే ఎక్కువ బయపడీవోళ్లం. దిగీ దిగగానే అందరం పొదల్లోకి పరుగు."

అరుగుమీద కూర్చున్నవాళ్లు పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్లు. "ఆముదం తాగితే పరిగెడతారు గానీ ఎగురుతారేటి బావూ," అనేవాళ్లు. ఒక్కరూ నమ్మలేదు. నిజానికి ఆయన విమానం తోలాడన్నదే ఊళ్లో సగంమంది నమ్మలేదు. సీమలో ఏ హోటల్లోనో పనిచేసి వచ్చి కోతలు కోస్తున్నాడనేవాళ్లు. ఆయన వాళ్లతో కలిసి నవ్వేవాడు తప్ప, నిజమని ఒట్టేసి చెప్పడానికి ఎప్పుడూ ప్రయత్నించలేదు.

మా ఆడపడుచు పెళ్లికి పల్లకీ కట్టించారు. పెళ్లికొడుకు ఎక్కబోతుంటే బావగారు అడ్డం వచ్చాడు. పల్లకీ చుట్టూ తిరిగాడు. వెదుళ్లు ఊపాడు. తరవాత, "ఇది కట్టిందెవులు?" అన్నాడు. ఒక ముసలాయన భయపడుతూ ముందుకొచ్చాడు.

"ఎక్కు."

"నానా బావూ?"

"కట్టినోడే ముందెక్కాల. నువ్వెక్కి ఈది సివరికెళ్లి ఒచ్చినాకే పెళ్లికొడుకు."

బోయీలు ఆ ముసలాయన్ని వీధి చివరిదాకా మోసి తెచ్చారు. మేళగాళ్లకి ఏం తోచక వాయించారు కూడా. పెళ్లికొడుకు అరుగుమీద కూర్చొని చూస్తున్నాడు. ఆ ముసలాయన వందల పల్లకీలు కట్టాడేమో గానీ జన్మలో ఎక్కి ఎరగడు. దిగి, తలపాగా విప్పి, కళ్లు తుడుచుకున్నాడు.

ఈ రూలు ఎక్కడినుంచి వచ్చిందో ఒక ముసురు రోజున మా ఆయనతో చెబుతుంటే తలుపు చాటునుంచి విన్నాను. కార్ఖానాలో ఆయనతోపాటు పనిచేసే స్నేహితుడొకడు కొత్త విమానం లేపాడు. చింతగింజంత పిన్ను ఒకటి రెక్క తీగెకి పెట్టడం మరిచిపోయారు. స్నేహితుడు పోయాడు. ఆ పిన్ను పెట్టాల్సినవాడు చెడ్డవాడేం కాదు. ఆ పూట కూతురు పుట్టిందని కబురొస్తే తొందరగా ఇంటికెళ్లాడు. మర్నాటినుంచి, బిగించినవాడు వచ్చి తన ముందు సీట్లో కూర్చుంటే తప్ప బావగారు ఏ విమానాన్నీ నేలనుంచి లేపలేదు.

"బయపెట్టడానికి కాదురా తమ్ముడూ," అన్నాడు. "తనూ ఎక్కాలని తెలిత్తే సెయ్యి దానంతటదే ఇంకోపాలి తడుముతాది."

ఇదే రూలు నా కాపరం మూడోరోజున నా మెడకి చుట్టుకుంది. ఆ రోజు మొదటిసారి వంట నాకప్పగించారు. టెక్కలిలో మా అమ్మ దగ్గర నేర్చుకున్నదంతా చూపించాలని పనసపొట్టు ఆవపెట్టి వండాను, ఉలవచారు కాచాను. మగవాళ్లు పీటలమీద కూర్చున్నారు. అత్త వడ్డించింది. నేను వంటింటి తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. బావగారు కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఒండిందెవులమ్మా?"

"నీ తమ్ముడి పెళ్లాం," అంది అత్త.

"తిన్నాదా?"

"ఎవులు?"

"ఒండినామె."

"ఆడోళ్లు ముందు తింతారేట్రా? సీమకెళ్లి మతి పోగొట్టుకున్నావేటి?"

"ఒండినోళ్లు తినకపోతే నాను తిన్ను," అన్నాడు.

మా వైపు ఆ మాటకి ఒక్కటే అర్థం. కోడలు అన్నంలో మందు పెట్టిందని. మొగుణ్ణి కొంగున ముడేసుకోవడానికి కొత్తకోడళ్లు ఏవో వేర్లూ పసర్లూ కలుపుతారని ఊరూరా చెప్పుకునే కథే. మూడోరోజుకే ఆ నింద నామీద పడిందని గోడకి తల ఆనించి ఏడ్చాను. అత్తకీ అదే అర్థమైంది. కానీ ఆమె నా మీద కాదు, కొడుకు మీద విరుచుకుపడింది. "పరాయింటి పిల్లనొట్టుకొని అంత మాటంటావేట్రా? నీ నోటికి హద్దు నేదేటి?" అంది. అత్త మంచిదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. బావగారు తెల్లమొహం వేశాడు. తనేమన్నాడో, ఎందుకింత గొడవో ఆయనకి బోధపడలేదు. మా ఆయనకి నవ్వాగక పొలమారింది. నీళ్లు తాగి, విషయం అన్నకి చెప్పాడు.

బావగారు లేచి వంటింటి తలుపుదాకా వచ్చాడు. మర్యాదకి మొహం అవతలి గోడవైపు పెట్టుకొని మాట్లాడాడు.

"అమ్మీ, నీ మీద అనుమానం కాదు. బండి కట్టినోడు ముందెక్కాల, కూడు ఒండినోళ్లు ముందు తినాల. మీ అత్త ఒండినా అంతే, రేపు నాను ఒండినా అంతే. నువ్వు ఓ ముద్ద తిను, మేం తింతాం."

జవాబు చెబుదామంటే నా గొంతు ఆయన చెవిన పడకూడదు. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. అందులో సగం కన్నీళ్ల ఉప్పే. తిన్నట్టు ఎలా తెలియజెయ్యాలో తెలీక గరిటెతో గిన్నె అంచుమీద ఒక్కసారి కొట్టాను. ఇత్తడి గిన్నె ఖంగుమంది.

"తిన్నాది," అని బావగారు వెళ్లి కూర్చొని అన్నం కలిపాడు.

ఆ రోజునుంచి అదే పద్ధతి. రోజుకి రెండుసార్లు గిన్నె మోగాలి, ఆయన చెయ్యి కంచంలోకి వెళ్లాలి. మా ఇద్దరి మధ్యా ఇరవై ఏళ్లలో నడిచిన సంభాషణ అంతా అదే. కూర బాగుంటే ఆయన చెంబుతో పీటమీద రెండుసార్లు కొట్టేవాడు. ఉప్పెక్కువైతే కొట్టేవాడు కాదు. మొహమాటానికి కొట్టిన రోజు ఒక్కటీ లేదు, అది నాకు నచ్చేది.

అత్త ఈ పద్ధతికి లొంగడానికి నెల పట్టింది. తల్లి వండింది కూడా అనుమానించేవాడు కొడుకేనా అని అలిగింది. ఒకరోజు వాదించే ఓపిక లేక, విసురుగా ముద్ద నోట్లో పెట్టుకొని అలాగే ఉండిపోయింది. నేను కంగారుపడి ఏటత్తా అని అడిగాను.

"ఏటీ నేదే," అంది. "పొగలొత్తన్న అన్నం. ఈ ఇంటికొచ్చి నలబై ఏళ్లయినాది. ఇంత ఏడిగా ఎప్పుడూ తిన్నేదు."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తరవాత ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు గానీ, రూలు తప్పిన రోజు లేదు.

అంత మంచి అత్తమీద నాకు ఒక్క విషయంలో కోపం ఉండేది. నేను కాపరానికి రాకముందే, మామగారు పోయారని తెలిసి బావగారు సీమనుంచి వచ్చాడు. కర్మలయ్యాక తిరిగి వెళ్లడానికి పెట్టె సర్దుకున్నాడు. అప్పటికి పిన్ను కథ ఎలాగో అత్త చెవిన పడింది. ఆమె కొడుకు చెయ్యి లాగి తన నెత్తిమీద పెట్టుకుంది. "నాను బతికుండగా ఇమానం తోల్నని ఒట్టెయ్యి," అంది. ఆయన వేశాడు. పెట్టె అటకెక్కింది. సముద్రం దాటొచ్చినవాడికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆయన కొబ్బరితోట చూసుకుంటూ ఉండిపోయాడు.

ఎప్పుడూ సణగలేదు. కానీ రోజూ పొద్దున్నే పెరట్లో నిలబడి గుప్పెడు ఊక పైనుంచి వదిలి, అది ఎటు పోతోందో చూసేవాడు. తూర్పు గాలి, పడమటి గాలి, ఎంత బలంగా ఉందో పైకే చెప్పుకునేవాడు. ధాన్యం తూర్పారబట్టేవాళ్లకి అది పనికొచ్చేదనుకోండి. కానీ ఆయన చూసేది వాళ్లకోసం కాదు. "ఈరోజు గాలి బాగున్నాది," అనుకుని, ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోకి వచ్చేసేవాడు. అది చూసినప్పుడల్లా అత్తతో గట్టిగా దెబ్బలాడాలనిపించేది. కోడల్ని కనక ఊరుకునేదాన్ని.

అలా ఉండగా ఒక వేసవి మధ్యాహ్నం ఉత్తరంనుంచి తీరం పట్టుకుని ఒక విమానం వచ్చింది. ముందు చప్పుడు. దగ్గుతూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ. మేమంతా బయటికి పరిగెత్తాం. బావగారు మాత్రం అరుగుమీద కదలకుండా కళ్లు మూసుకొని విన్నాడు. "పెట్రోల్లో నీళ్లు," అన్నాడు. అప్పుడు లేచాడు.

మా తోటలకీ సముద్రానికీ మధ్య ఉప్పుపర్ర, ఏమీ పండని చవిటి బయలు, ఉంది. వేసవిలో ఎండి పెణంలా గట్టిపడుతుంది. విమానం దానిమీద దిగి, గెంతి, పక్కకి ఒరిగి, మొగలిపొదల్ని రాసుకుంటూ పోయి ఆగింది. మేం వెళ్లేసరికి ఒక కుర్ర దొర కుడి మణికట్టు పట్టుకొని దాని పక్కన నిలబడి ఉన్నాడు. ఊరూరా తిరుగుతూ జనాన్ని విమానం ఎక్కించి తిప్పే మనిషట, మద్రాసు వైపు పోతున్నాడు. మణికట్టు వాచిపోయింది. కింది రెక్క గుడ్డ మొగలిముళ్లకి మూరెడు చిరిగింది.

బావగారు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. దొర ఉలిక్కిపడి, ఏదో ఊరిపేరు అడిగాడు. ఈయన ఇంకో ఊరిపేరు చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. ఆ తరవాత బావగారు విమానం ముక్కు దగ్గర మొదలుపెట్టి, ఎడమ రెక్క తీగెలు లాగి చూసి, వేలితో పిన్నులు తడిమి, తోకదాకా వెళ్లి, అది ఊపి, కుడి రెక్క మీదుగా మళ్లీ ముక్కు దగ్గర తేలాడు. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. ఇన్నేళ్లూ మా ఎడ్లబండి చుట్టూ ఆయన తిరిగిన తిరుగుడే అది. ఒక్క అడుగు తేడా లేదు. హోటల్లో పనిచేశాడన్నవాళ్లు తలలు దించుకున్నారు.

పెట్రోలంతా తోలుగుడ్డలో వడగట్టి నీళ్లు తీసేశాడు. రెక్క గుడ్డ మిగిలింది. అది మామూలు కుట్టుకి ఆగదు, గాలికి విచ్చుకుపోతుంది. బొంతలు కుట్టడంలో మా అత్త చెయ్యి చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేదు. బావగారు ఆమె వైపు చూశాడు. అత్త ఇంటికెళ్లి బొంత సూదీ, దారం ఉండా, మామగారి పాత పంచె ఒకటీ తెచ్చింది. ఎర్రటి ఎండలో రెక్క పక్కన కూర్చొని కుట్టడం మొదలుపెట్టింది. నేను దారానికి మైనం రాసి సూదికి ఎక్కించి ఇస్తున్నాను.

"ఎనిమిది కుట్లకో ముడెయ్యాలమ్మా," అన్నాడు బావగారు.

"మీ నాన్న బొంతకే ఆరు కుట్లకో ముడేసినాను. నువ్వు నాకు సెప్పకు."

కుట్టు పూర్తయ్యాక పంచె ముక్క పైన అతికించి, చిక్కటి గంజి పట్టించారు. ఎండకి అది నిమిషాల్లో బిగిసి, వేలితో కొడితే డప్పులా మోగింది. దొర చూసి తల ఊపాడు. తన చెయ్యి చూపించి, బావగారితో ఏదో అడిగాడు. ఈయన తల అడ్డంగా ఊపి నేలవైపు చూశాడు.

"ఏటంటన్నాడు?" అంది అత్త.

"బండి బాగయిందో నేదో ఓపాలి పైకి లేపి సూడమంటన్నాడు. ఆడి సెయ్యి రేపటికి గాని తిరగదు."

"నువ్వేటన్నావు?"

"మాయమ్మకి ఒట్టేసినానన్నాను. నానేటి సెయ్యను? రేపు ఆడే లేపుకుంటాడు."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. కానీ చెయ్యి మాత్రం రెక్కమీదనుంచి తియ్యలేదు. ఎద్దు మెడ నిమిరినట్టు ఆ గుడ్డని నిమురుతూనే ఉన్నాడు. అత్త ఆ చెయ్యినే చూస్తోంది. ఈ ఘడియ దాటిపోతే ఈయన జన్మలో మళ్లీ ఎగరడని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఒప్పుకో అత్తా, ఒప్పుకో అని లోపల అరుస్తున్నాను, బయటికి మాత్రం కొంగు నోట్లో కుక్కుకొని నిలబడ్డాను.

"ఇది కుట్టిందెవుల్రా?" అంది అత్త.

"నువ్వే."

"మరి నీ రూలేటి?"

బావగారు తలెత్తాడు.

"నాను కుట్టినది నాను ఎక్కకుండా ఈ గుంటడు ఎక్కి, ఈడికేటైనా అయితే, ఈడి తల్లికి నానేటి సెప్తాను?" అంది. "నానెక్కుతాను. ఈ గుంటడు తోల్తే ఎక్కను. ఈడెవుడో నాకు తెల్దు. నువ్వు తోల్తే ఎక్కుతాను."

"ఒట్టున్నాది కదమ్మా."

"నా నెత్తిమీద ఒట్టు. నాను తీసి గట్టున ఎడతన్నాను. నీకెందుకు?"

మా ఆయన ఏడుపొక్కటే తక్కువ. కాళ్లావేళ్లా పడ్డాడు. అత్త చీర గోచీ పోసి బిగించింది. దొర తన తోలుటోపీ ఇస్తే కొప్పుకి పట్టలేదు, దానిమీద కొంగు చుట్టుకుంది. ఎక్కేముందు బావగారు మళ్లీ ఒకసారి చుట్టూ తిరిగాడు. ఆయన వెనకే అత్తా తిరిగింది, ఆయన తడిమిన ప్రతి పిన్నూ తనూ తడిమింది. దొర ఎడమచేత్తోనే ముక్కుకున్న పంకా తిప్పాడు. ఇంజను అందుకుంది. పర్రమీద దుమ్ము లేచింది. దుమ్ము తగ్గేసరికి విమానం కొబ్బరిచెట్ల పైన ఉంది.

రెండు చుట్లు తిప్పాడు. మొదటి చుట్టులో మేమందరం మెడలు వెనక్కి వంచి దాన్నే చూశాం. రెండో చుట్టులో అది మా నెత్తులమీదుగా కిందికొచ్చినప్పుడు అత్త మొహం కనిపించింది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది. ఏడుస్తోందేమోనని మా ఆయన కూలబడ్డాడు. ఏడవడం కాదది. పెళ్లినాటినుంచి నేనామె పళ్లన్నీ చూసింది ఆ రోజే.

విమానం మెత్తగా దిగింది. అత్త దిగీ దిగగానే రెక్క దగ్గరికెళ్లి కుట్లన్నీ వేలితో తడిమింది. "ఒక్కటీ ఊడనేదు," అంది. ఆ తరవాతే కొడుకుని చూసింది. బావగారి మొహం నిండా నూనె చుక్కలు. వాటి మధ్యనుంచి కన్నీళ్లు దారులు కట్టాయి. అత్త కొంగుతో ఆ మొహం తుడిచి, కొంగు వాసన చూసింది.

"నిజంగా ఆముదమేరా," అంది.

బావగారు నవ్విన నవ్వు పర్ర ఆ చివరికి వినిపించింది. దొరకి ఏమీ అర్థం కాకపోయినా అతనూ నవ్వాడు. రాత్రి మా ఇంట్లోనే తిని, మర్నాడు వాపు తగ్గాక వెళ్లాడు. ఎక్కేముందు మా అత్తకి తన టోపీ ఇచ్చేశాడు. ఆమె చాలా ఏళ్లు అందులో జీడిపిక్కలు పోసుకుంది. ఇంకో సంగతి. మా తూర్పు తోట గట్టు పక్కవాళ్లు రెండు మూరలు జరిపారని పైనుంచి ఆమెకి కనపడిందట. వాళ్లని పిలిపించి, "మీదినుంచి సూసినాను," అంది. మారుమాట లేకుండా వెనక్కి వేసుకున్నారు.

సూదికి దారం ఎక్కించింది నేనే కదా, రూలు ప్రకారం నాకూ సగం చుట్టు రావాలి కదా అని ఆ రోజు నాకు మహా ఆశగా ఉండింది. అడగడానికి గొంతు లేదు. ఆ తరవాత మా పర్రమీద ఇంకే విమానమూ దిగలేదు. బావగారు పొద్దున్నే ఊక వదలడం మానలేదు. మారిందొక్కటే. అరుగుమీదనుంచి అత్త, "గాలెలాగున్నాదిరా?" అని అడిగేది. ఆయన చెప్పేవాడు. ఇద్దరూ ఆకాశంవైపు చూసి తలలూపుకునేవాళ్లు. ఆమె పోయిన తరవాత నాలుగేళ్లూ ఆ ప్రశ్న లేకుండానే ఆయన జవాబు చెప్పాడు.

ఇప్పుడు ఆయనా లేడు. ఎండ బాగా ఎక్కింది. ఇవ్వాల్సిన మాటలన్నీ అయిపోయాయి. కాకులు మట్టలమీదనే ఉన్నాయి. మా ఆయన మొహం చిన్నబోయింది. తమ్ముడు చేసిన కర్మ అన్నకి చేరలేదని ఊళ్లో అనుకుంటారు, అంతకన్నా ఎక్కువగా అన్నకి ఏదో లోటు చేశానని తనే కుమిలిపోతాడు. ఇరవై ఏళ్లు చూసిన మనిషిని, ఆయనకేం కావాలో నాకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని ఆలోచిస్తూ చేతిలో గరిటెవైపు చూశాను.

ముద్ద నేను వండాను. నేను తినలేదు. పిండం వండేవాళ్లు రుచి కూడా చూడకూడదు మరి.

ఆడవాళ్లని తోసుకుంటూ ముందుకొచ్చాను. గిన్నెలోంచి ఒక ముద్ద తీసి అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాను. "ఓలమ్మ, దినం కూడు ఎంగిలి సేసీసినాదర్రా," అని వెనకనుంచి ఎవరో అరిచారు. పెద్దాయన కర్ర నేలకేసి కొట్టాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఒక్క క్షణంలో ఆయనకి అర్థమైంది. చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. నేను ముద్ద మింగి, గరిటెతో గిన్నె అంచుమీద ఒక్కసారి కొట్టాను. ఖంగుమంది.

మట్టమీదనుంచి ఒక కాకి దిగింది. ఆకు దగ్గర వాలింది. వెంటనే ముట్టలేదు. ఆకు కొనదగ్గర మొదలుపెట్టి, ఎడమ పక్కగా నడిచి, తొడిమ దగ్గర ఆగి, కుడి పక్కగా మళ్లీ కొనదగ్గరికి వచ్చింది. అప్పుడు ముద్దలో ముక్కు పెట్టింది.

"మా అన్నే," అన్నాడు మా ఆయన. అంటూనే ఆయనకి నవ్వొచ్చింది. తరవాత నాకు, తరవాత బండితోలే మనిషికి, ఆఖరికి కర్ర పెద్దాయనకి కూడా. దినం నాడు అంత నవ్విన ఊరు మాదే అయివుంటుంది.